తగ్గిందని చెప్పేశాక

"రక్తంలో ఫంగస్ పెరుగుతోందమ్మా," అని డాక్టరమ్మ చెప్పగానే మా మరదలు అడిగిన మొదటి మాట, "అంటే ఆవకాయ మీద బూజు పడుతుంది చూడండి, అదాండీ?" అని. నాకు సిగ్గేసింది. నందిగామలో హైస్కూలు టీచర్ని కదా, మా ఇంటి తరఫున తెలివైన ప్రశ్నలన్నీ నేనే అడగాలని నాకో పిచ్చి. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "దానికి దగ్గర చుట్టమే. దీన్ని ఈస్ట్ అంటాం. అందరి నోట్లో, పేగుల్లో, ఒంటి మీద ఉండేదే. అక్కడున్నంత కాలం దాంతో గొడవ లేదు. రక్తంలోకి రాకూడదు. ఈయనకి వచ్చింది," అంది.

మంచం మీద పడుకుని ఇదంతా వింటున్నవాడు మా తమ్ముడు. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూకం వేసే చోట పని చేస్తాడు. చిన్నప్పుడు వాడికి కీళ్లు వాచి జ్వరాలొచ్చేవి. ఎదిగే పిల్లల నొప్పులని మా అమ్మ నువ్వుల నూనె రాసి పడుకోబెట్టేది. ఆ జ్వరాలు కీళ్లను వదిలేసి గుండెను పట్టుకున్నాయని వాడికి మీసాలొచ్చాక గానీ తెలియలేదు. పెళ్లికి ముందే ఆపరేషన్ చేసి, పాడైన వాల్వు తీసేసి లోహంతో చేసిన వాల్వు పెట్టారు. అప్పట్నుంచి రక్తం పల్చబడే మాత్ర రోజూ వేసుకుంటాడు. చప్పుడు లేని గదిలో వాడి పక్కన కూర్చుంటే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. వీళ్లింట్లో గోడ గడియారం దండగని నేను ఏడిపించేదాన్ని.

అయితే ఈ బూజు వ్యవహారం మొదలైంది గుండెలో కాదు, కడుపులో. నొప్పొస్తే గ్యాస్ అనుకుని సోడాలు తాగుతూ డ్యూటీకి వెళ్లాడు. అపెండిక్స్ పగిలి, చీము కడుపంతా పాకాక విజయవాడ తీసుకెళ్లాం. పొట్ట కోసి కడిగారు. ఐసీయూలో చాలా రోజులున్నాడు. మెడ దగ్గర పెద్ద నరంలోకి గొట్టం పెట్టి, మందులూ, ఆఖరికి తిండీ దాంట్లోంచే ఎక్కించారు. బాటిల్ మీద బాటిల్ యాంటీబయాటిక్‌లు. బతికి ఇంటికొచ్చాడు, అదే గొప్ప అనుకున్నాం.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకి జ్వరం. మా వైపు జ్వరమంటే టైఫాయిడే. ల్యాబులో రక్తమిచ్చి టైఫాయిడ్ లేకుండా ఇంటికొచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. వీడికీ ఉందన్నారు. రెండు పూటలా ఇంజెక్షన్లు. ప్రతిసారీ పొడవడం ఎందుకని సూది చేతికే ఉంచి, టేపు వేసి ఇంటికి పంపించారు. మా ఊళ్లలో అది మామూలే, చేతికి సూదితోనే బజారు చేస్తారు, బండి నడుపుతారు. మరదలు వాడి చేతికి పాలిథీన్ కవరు కట్టి స్నానం చేయించేది. జ్వరం తగ్గకపోగా చలి మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే మళ్లీ విజయవాడ పరిగెత్తాం, ఈసారి వేరే ఆసుపత్రికి. అక్కడ రక్తం తీసి, ఏం పెరుగుతుందో చూడ్డానికి పెట్టారు. పెరిగింది ఇదీ.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కొక్కటీ అడిగింది. కడుపు ఆపరేషన్ అయిందా? అయింది. మెడలో గొట్టం పెట్టారా? పెట్టారు. చాలా రోజులుందా? ఉంది. తిండి నరంలోంచి ఎక్కించారా? ఎక్కించారు. యాంటీబయాటిక్‌లు? చెప్పక్కర్లేదు. మా తమ్ముడి పెళ్లి సంబంధంలో కూడా ఇన్ని కలవలేదు. మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా తేడా లేకుండా మందులు అన్నిటినీ చంపేస్తే ఈస్ట్‌కి అడ్డు ఉండదనీ, కోసిన పేగుల దగ్గర్నుంచో, నరంలో పెట్టిన గొట్టం మీదుగానో అది రక్తంలోకి దిగుతుందనీ చెప్పింది. అంతా అయ్యాక, "ఇంతకుముందు ఇంకేమన్నా జబ్బులున్నాయా?" అంది.

"ఏం లేవండి," అంది మరదలు.

నేను ఆమె వంక చూశాను. "వాల్వు," అన్నాను.

"అది ఎప్పుడో బాగైపోయింది కదా వదినా. జబ్బులంటున్నారు కదా ఆవిడ."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపి, స్టెతస్కోపు వాడి గుండె మీద పెట్టి చాలాసేపు వింది. పాత కాగితాలు ఈసారి మేం తేలేదు, జ్వరమే కదా అనుకున్నాం. ఆమె ముఖం మారింది. రక్తంలో ఈస్ట్ ఉన్న అందరికీ అది గుండెను పట్టుకోదట. చాలామందికి పట్టుకోదట. "ఎవరికి పట్టుకుంటుంది మరి?" అని అడిగాను. ఈసారి తెలివి కోసం అడగలేదు.

"వాల్వు మార్చినవాళ్లకి భయం ఎక్కువండి. అంతకుముందే వాల్వు దెబ్బతిన్నవాళ్లకి, ఒకసారి గుండెకి ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్లకి కూడా. రక్తం గుండెలోంచే పోవాలి కదా, పోయేటప్పుడు సొంత కండ మీద కన్నా పెట్టిన వస్తువు మీద అది తేలిగ్గా అతుక్కుంటుంది. ఇంకోటి ఏంటంటే, మందు మొదలెట్టాక కూడా రక్తంలో అది పెరుగుతూనే ఉంటే, ఎక్కడో గూడు కట్టుకుందని అనుమానించాలి. మీవాడికి వాల్వుంది. రెండోది చూద్దాం."

రెండోదీ వచ్చింది. ఫంగస్ మందు మొదలుపెట్టాక తీసిన రక్తంలోనూ పెరిగింది. ఆ తర్వాత తీసినదాంట్లో లేదు. జ్వరం దిగింది. తమ్ముడు లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు. ఈ ఈస్ట్ కళ్లలోకీ పాకుతుందని కళ్లకి పరీక్ష చేశారు, బాగానే ఉన్నాయన్నారు. గుండె మీద జెల్లు రాసి స్కాన్ తీశారు, ఏమీ కనపడలేదన్నారు. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ మాత్రం సంతోషించడానికి ఒప్పుకోలేదు. లోహం వాల్వు నీడ పడుతుంది కాబట్టి పైనుంచి తీసిన స్కాన్‌ని నమ్మలేమనీ, గొంతులోంచి గొట్టం దించి గుండెను వెనకనుంచి చూడాలనీ, అది బుధవారం చేస్తామనీ, అప్పటిదాకా ఉండమనీ చెప్పింది.

అప్పటికి ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టేసుకున్నారు.

మా వాళ్లలో ఇది మామూలే. ఎవరైనా చావు దాకా వెళ్లి తిరిగొస్తే, ఇంటి ముందు టెంటు వేసి, సంఘాన్ని పిలిచి, పాటలు పాడి, పాస్టరు గారు వాక్యం చెప్పాక బాగైన మనిషి లేచి సాక్ష్యం చెప్తాడు, అంటే దేవుడు తనకేం చేశాడో అందరి ముందూ చెప్తాడు. తర్వాత భోజనాలు. జ్వరం దిగిన రోజే మరదలు పాస్టరు గారికి ఫోన్ చేసింది. ఆమెను నేను తప్పుపట్టను. ఆ ఐసీయూ గుమ్మం బయట ఎన్ని రోజులు ఒంటరిగా ప్రార్థన చేసిందో నాకు తెలుసు. అడిగింది ఇచ్చాక థ్యాంక్స్ చెప్పకుండా ఎలా ఉంటుంది? కానీ బుధవారం దాకా ఆగమని నేను చెప్పాను. ఆసుపత్రి వరండాలో గొంతు పెంచి మరీ చెప్పాను. చుట్టాలకి చెప్పేశామంది. వంటవాళ్లకి చెప్పేశామంది. "అనుమానం పెట్టుకోబాక వదినా," అంది చివరికి. అనుమానం అనే మాట మాలో పెద్ద మాట, దేవుణ్ణి నమ్మలేదన్నట్టు. దాన్ని ఒకసారి వాడాక ఎదుటివాళ్లు నోరు మూసుకోవాల్సిందే.

డాక్టరు వద్దన్నా వెళ్తున్నామని సంతకం పెట్టి శనివారం బయల్దేరాం. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, తలుపు దాకా వచ్చి, "జ్వరం తగ్గితే జబ్బు పోయినట్టు కాదండి. బుధవారం రండి. ఈలోపు కాస్త ఒళ్లు వెచ్చబడ్డా, చలేసినా ఆ రోజే రండి," అని వాడికి విడిగా, మరదలికి విడిగా, నాకు విడిగా చెప్పింది. కీసర టోల్‌గేటు దగ్గర కారు ఆగినప్పుడు వాడు వెనక్కి తిరిగి, "క్లాసులో నువ్వు చెప్పినట్టే చెప్తోంది అక్కా, ఒకటే మాట నాలుగుసార్లు," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

కూడిక బాగా జరిగింది. నాకు కోపమున్నా ఆ మాట ఒప్పుకోవాలి. వీధంతా టెంటు, ఆడవాళ్లం ఒకవైపు తలల మీద కొంగులు కప్పుకుని చాపల మీద, మగవాళ్లు కుర్చీల్లో. తమ్ముడు తెల్ల చొక్కా వేసుకుని మైకు దగ్గరికొచ్చాడు. చొక్కా వాడికి వదులైపోయింది. మాటకారి కాదు, లారీ నంబర్లు పిలవడం తప్ప మైకులో ఎప్పుడూ మాట్లాడినవాడు కాదు. "నా కడుపు బాగుచేశాడు. నా రక్తం శుభ్రం చేశాడు. నాకు పూర్తిగా తగ్గిపోయింది. దేవునికే మహిమ," అన్నాడు. అందరూ స్తోత్రమన్నారు. నేనూ అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. నా ముందు కూర్చున్న ఒక పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. తర్వాత బిర్యానీ, పెరుగు చట్నీ తిని నేను నందిగామ బస్సెక్కాను.

బుధవారం విజయవాడ వెళ్లలేదు. ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నా కదక్కా, మళ్లీ ఆ గొట్టాలెందుకు, వచ్చే వారం పోతాలే," అన్నాడు. ఆ వారమొచ్చాక అడిగితే డ్యూటీలో చేరాలన్నాడు. ప్రతి ఫోనులోనూ బాగున్నా, బాగున్నా. నేను అడగకముందే అనేవాడు. ముప్పై ఏళ్లుగా పిల్లలతో వేగుతున్నదాన్ని. హోంవర్కు చేశారా అని అడగకముందే చేశామనేవాళ్ల సంచి ముందు తెరిపిస్తాను.

శనివారం స్కూలవ్వగానే చెప్పకుండా జగ్గయ్యపేట వెళ్లాను. ఎండ ఇంకా మండిపోతోంది. ఇంట్లో ఫ్యాను ఆపేసుంది. వాడు ఫుల్‌చేతుల చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. మరదలు చర్చిలో ఆడవాళ్ల ప్రార్థనకి వెళ్లిందట. నేను ఏమీ అనకుండా వెళ్లి వాడి మెడ మీద చెయ్యి పెట్టాను. వేడి పెనంలా ఉంది.

"ఎన్నాళ్లనించి?"

"రాత్రిళ్లు మాత్రమే అక్కా. మాత్ర వేసుకుంటే చెమట పట్టి దిగిపోతోంది. పొద్దున్నే చొక్కా మార్చేస్తున్నా. మీ మరదలికి తెలీదు."

"ఎన్నాళ్లనించిరా?"

"కూడిక అయిన మూడో రోజు నించి."

నాకు ఒళ్లు మండిపోయింది. వాణ్ణి చిన్నప్పుడు కూడా కొట్టలేదు, ఆ రోజు చెయ్యి లేచింది. వాడు కదలకుండా అలాగే చూస్తూ, మెల్లగా అన్నాడు. "అందరి ముందూ సాక్ష్యం చెప్పేశా కదక్కా. తగ్గిపోయిందని మైకులో చెప్పా. ఇప్పుడు మళ్లీ వచ్చిందంటే ఏమనుకుంటారు? నా విశ్వాసం చాల్లేదంటారు. లేకపోతే దేవుడు సగమే చేశాడంటారు. నావల్ల ఆయనకి మాట రావడం ఎందుకు? ఎలాగూ తగ్గుతుంది కదా అని చూస్తున్నా."

చెయ్యి దించేశాను. ఇన్నాళ్లూ వీడు గొట్టానికి భయపడుతున్నాడనుకున్నాను, బద్ధకమనుకున్నాను. వీడు రాత్రంతా దుప్పట్లో వణుకుతూ దేవుడి పరువు కాపాడుతున్నాడు. అంత జాలి, అంత కోపం ఒకేసారి నాకెప్పుడూ రాలేదు.

"ఆయన పరువు నీ థర్మామీటరు మీద లేదు. లే," అన్నాను.

ఆ సాయంత్రమే విజయవాడ వెళ్లాం. డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. గొంతులో గొట్టం దించి చూశారు. వాల్వు అంచున మెత్తగా ఒక ముద్ద పెరిగి, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగుతోందట. అందులో ముక్క తెగి మెదడుకు పోతే పక్షవాతం, లేదా అంతకన్నా ఎక్కువ. మందొకటే ఇలాంటి చోట చాలదని, మళ్లీ గుండె తెరిచి వాల్వు మార్చాలని అన్నారు. ఒకసారి తెరిచిన గుండెను మళ్లీ తెరవడం ఎంత ప్రమాదమో సర్జన్ గారు దాచకుండా చెప్పారు. వాడు బతకొచ్చు, బతక్కపోవచ్చు. మరదలు నేల మీద కూర్చుండిపోయింది. "కూడిక నేనే పెట్టించా," అని ఒకటే మాట. ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. వరండాలో నేను అరిచిన అరుపులన్నీ సరైనవే. ఆ పూట వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేకపోయింది.

ఆపరేషన్‌కి ముందు పాస్టరు గారొచ్చారు. నేను ఆయన మీద విరుచుకుపడడానికి సిద్ధంగానే ఉన్నాను. వాక్యాలు కూడా సర్దుకున్నాను. ఆయన మంచం పక్కన నిలబడగానే తమ్ముడు అడిగాడు, "అయ్యగారూ, నేను చెప్పింది అబద్ధ సాక్ష్యమైపోయిందాండీ?"

ఆయన వాడి చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు చెప్పింది ఆ రోజుకి నిజమేరా అబ్బాయ్. తగ్గిందని తప్ప ఇంకోటి చెప్పడానికి మేమే నీకు చోటివ్వలేదు," అని వాడి కాళ్ల దగ్గర కూర్చుని ప్రార్థన చేశారు. నేను సర్దుకున్న వాక్యాలు నా దగ్గరే ఉండిపోయాయి.

పొద్దున తీసుకెళ్లినవాణ్ణి చీకటి పడ్డాక బయటికి తెచ్చారు. బతికాడు. ముద్దను పరీక్షకు పంపిస్తే అదే ఈస్ట్. వారాల తరబడి నరంలోకి మందు ఎక్కింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, ఫంగస్ మాత్ర ఇక మానకూడదని చెప్పింది. ఎన్నాళ్లని మరదలు అడిగితే, "ఉన్నన్నాళ్లూ వేసుకోవడమే అనుకోండమ్మా. ఇది మళ్లీ రావచ్చు. రాకుండా చూస్తుంటాం," అంది. ఈసారి ముగ్గురం ఆ మాట విన్నాం.

ఇంటికొచ్చాక కృతజ్ఞత కూడిక ఎప్పుడని సంఘంలో అందరూ అడిగారు. వాడు పెట్టనన్నాడు. కానీ నడిచే ఓపిక వచ్చిన మొదటి ఆదివారం చర్చికి వెళ్దామన్నాడు. పడిపోతాడేమోనని నేనూ వెళ్లాను. ఆరాధన మధ్యలో పాస్టరు గారు సాక్ష్యాలున్నాయా అని అడిగితే, వాడు ముందు బెంచీ పట్టుకుని లేచాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

"నాకు తగ్గలేదండి," అన్నాడు. "మళ్లీ రావచ్చన్నారు. రోజూ మాత్ర వేసుకుంటున్నా. మొన్న తగ్గిపోయిందని మీ అందరికీ చెప్పి, జ్వరమొస్తే దాచుకున్నా. సిగ్గేసి దాచుకున్నా. చచ్చిపోయేవాణ్ణి. మా అక్క మెడ మీద చెయ్యేసి చూసింది. ఇవాళ ఉన్నా. అంతేనండి."

కూర్చున్నాడు. స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాస్టరు గారు కూడా తలవంచుకునే ఉన్నారు. మగవాళ్లు కొందరు బల్లల మీద సర్దుకుని కూర్చున్నారు. నేను వాడి వంకే చూస్తున్నాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక మనిషి లేచింది. ఆ రోజు టెంటు కింద నా ముందు కూర్చుని ఏడ్చిన పెద్దావిడ. మిరపకోతలకి వెళ్లే మనిషి. కొంగు రెండు చేతులతో గుండెలకి అదుముకుని నిలబడింది.

"నిరుడు నాక్కూడా తగ్గిందని ఇక్కడే చెప్పానండి అయ్యగారూ. రొమ్ములో గడ్డ. అందరూ ప్రార్థన చేశారు కదా, తగ్గిందనే అనుకున్నా. తగ్గలేదండి. అప్పటికన్నా పెద్దదైంది."

ఆవిడ అలాగే నిలబడి ఉంది. నేను లేచి, చాపల మీద అందరినీ దాటుకుంటూ వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. రేపు పొద్దున విజయవాడ ఆసుపత్రికి ఏ బస్సుకి వస్తుందో అడిగాను.